మాలుకి పెట్టిన గడప

ప్రపంచంలో షాపింగు మాళ్ళు ఎటు పోతున్నాయో తెలుసుకోవాలంటే చదువుకున్నవాళ్ళు కంప్యూటర్లు తెరుస్తారు. అంత శ్రమెందుకు, నన్నడిగితే సరిపోతుంది. ఇరవై రెండేళ్ళు మూడు దేశాల్లో మాళ్ళకి రాతి నేల పరిచినవాణ్ణి నేను. పేరు జగన్నాధం, ఊరు ఆమదాలవలస దగ్గర. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను తిరగేసి చేశాను. రచ్చ గెలిచి, యాభై దాటాక ఇంటికొచ్చి, శ్రీకాకుళంలో అరసవల్లి రోడ్డు మీద ధనరాజు గారు కడుతున్న మాలులో నేల మేస్త్రీగా కుదిరాను.

మొదట వెళ్ళింది దుబాయి. ఆ రోజుల్లో మాలంటే కిటికీల్లేని పెద్ద పెట్టె. లోపల గడియారం కనబడేది కాదు. పొద్దు తెలిస్తే మనిషికి ఇల్లు గుర్తొస్తుందట. ఎక్కే మెట్లు ఒక మూల, దిగే మెట్లు ఇంకో మూల, మధ్యలో దుకాణాలన్నీ చూసుకుంటూ నడిచి చావాలి. ఆ తరవాత దోహాలో మాలు లోపలే కాలువ తవ్వి పడవలు వేశారు. పైకప్పుకి నీలం రంగు పులిమి మబ్బులు గీశారు. బయట అసలు ఆకాశం ఊరికే దొరుకుతుంటే లోపల డబ్బిచ్చి గీయించుకోవడమేమిటని నాకు నవ్వొచ్చేది. సింగపూరులో ఇంకో అడుగు ముందుకేసి లోపల చెట్లు పెంచారు, పై అంతస్తు నుంచి జలపాతం దూకించారు. చివరికి ఆ పైకప్పే తీసేసి, వీధిలాగా, అరుగులతో, నీడతో కట్టడం మొదలుపెట్టారు. అమెరికాలో పాత పెట్టె మాళ్ళు మూతపడుతున్నాయనీ, కొన్నిటిని ఆసుపత్రులుగా, బడులుగా మారుస్తున్నారనీ మా ఇంజనీర్లు చెప్పుకునేవాళ్ళు. వస్తువులన్నీ ఫోన్లో కొనుక్కుంటుంటే మాలుకి ఎవడొస్తాడు? తినడానికొస్తాడు, కూర్చోడానికొస్తాడు, పదిమందినీ చూడ్డానికొస్తాడు. అంటే ఇన్నేళ్ళు ఇన్ని దేశాలు తిరిగి ప్రపంచం మన బొబ్బిలి సంత దగ్గరికే వచ్చిందన్నమాట. ఈ ముక్క నేను ముందే చెప్పేవాణ్ణి, ఎవరూ అడగలేదు.

నాకు పని నేర్పింది గంగులు మేస్త్రీ. రాయి పరిచాక ఎవరైనా దారం లాగి చూస్తారు, మట్టం పెట్టి చూస్తారు. ఆయన దాంతో ఆగేవాడు కాదు. చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని, అరికాళ్ళతో అతుకుల మీద నడిచేవాడు. వెంట్రుకంత ఎత్తుపల్లం ఉన్నా ఆయన కాలు అక్కడ ఆగిపోయేది. "కన్ను మోసపోతాది గానీ పాదం మోసపోదురా" అనేవాడు. నాకూ అదే అలవాటైంది. కానీ పై దేశాల్లో ఇనప ముక్కు బూట్లు లేనిదే సైటులో అడుగు పెట్టనివ్వరు. అందుచేత అన్నేళ్ళలో నేను పరిచిన ఒక్క నేలనీ పాదంతో చూసుకోలేదు.

పోనీ, మాలు తెరిచాక చూసుకుందామంటే మనకి ముందు గుమ్మం ఉండదు. దుబాయిలో ఒక శుక్రవారం ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వెళ్ళాను. గుమ్మం దగ్గర కాపలావాడు నా ముఖం చూడలేదు, చేతులు చూశాడు. సిమెంటు తిన్న చేతులు ఎంత సబ్బు రాసినా లొంగవు. కూలివాళ్ళకి ఇవాళ ప్రవేశం లేదని మర్యాదగానే చెప్పాడు. అద్దాల్లోంచి నా నేల నాకు కనబడుతూనే ఉంది. దాని మీద పిల్లలు జారుతూ ఆడుకుంటున్నారు. కాసేపు చూసి గదికి వచ్చేశాను. ఆ తరవాత ఏ దేశంలోనూ ఆ ప్రయత్నం చేయలేదు.

మా ఆవిడ కూర్మమ్మకి మాత్రం సెలవుకి వచ్చినప్పుడల్లా గొప్పలు చెప్పేవాణ్ణి. మాలు అలా ఉంటుంది, ఇలా ఉంటుంది, దొరలా తిరిగి వచ్చానని కోసేవాణ్ణి. ఆవిడ పొలం పని చేసుకుంటూ, నా తల్లిని చూసుకుంటూ, అవన్నీ నమ్మింది. పూర్తిగా తిరిగొచ్చిన ఏడాది ఒకరోజు ఎందుకో నోరు జారి నిజం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. చేటలో బియ్యం ఏరుతూనే, "పోనీలే మావా. మనూర్లో ఎప్పుడైనా కడితే ముందు గుమ్మంలోంచి ఇద్దరం కలిసి ఎల్దుం" అంది. సరేనని చేతిలో చెయ్యి వేశాను. అరసవల్లి రోడ్డు పనికి నేను కుదిరింది జీతం చూసి కాదు, ఆ మాట కోసం.

ధనరాజు గారిది విజయనగరంలో తాతలనాటి బట్టల వ్యాపారం. మనిషి మంచివాడే గానీ, ఏదైనా దూరం నుంచి వస్తేనే దానికి విలువని నమ్మే రకం. ఆయన తెచ్చుకున్న ఆర్కిటెక్టు పృథ్వీరాజ్ హైదరాబాదు నుంచి వచ్చాడు. చదువూ ఉంది, అణకువా ఉంది, అయితే చెప్పేదంతా ఫోటోల్లోంచే చెబుతాడు. ఒకరోజు సైటులో రేకుల షెడ్డు కింద మమ్మల్నందరినీ కూర్చోబెట్టి గోడ మీద బొమ్మలు వేశాడు. ఇప్పుడు ప్రపంచంలో మాళ్ళన్నీ గుమ్మం దాటగానే లోపల పెద్ద వాకిలి వదులుతున్నాయనీ, మనమూ అలాగే వదిలి దాన్లో ఖరీదైన రాయి పరుద్దామనీ చెప్పి ఒక వాకిలి బొమ్మ చూపించాడు. ముదురు నీలం రాయి, లోపల వెండి తునకల్లాంటి మెరుపు. అది యూరపు నుంచి తెప్పించాలనీ, ఆ రాయిని ఎలా పరచాలో తను నాకు నేర్పుతాననీ అన్నాడు.

తల్లి పుట్టింటి గొప్పలు మేనమామకి చెప్పినట్టుంది. నాకు నోరు ఆగలేదు. "బాబూ, ఆ వాకిలి పరిసినోణ్ణి నానే. ఆ రాయిది మన టెక్కలి" అన్నాను.

షెడ్డంతా నవ్వింది. ధనరాజు గారు కూడా నవ్వారు. నేను లేచి నిలబడి మొత్తం చెప్పాను. దోహాలో ఒకనాడు చెక్క పెట్టెలు దిగాయి. పెట్టెల మీద యూరపులో ఏదో ఊరి పేరు. మూత తీసి రాయి మీద దుమ్ము తుడిచి నీళ్ళు చల్లగానే గుర్తుపట్టాను. టెక్కలి కొండల్లో చిన్నప్పటి నుంచి చూసిన నీలమే. ఇక్కడ బండగా వెళ్ళి, అక్కడ నునుపు దేలి, చీటీ మార్చుకుని నా ముందుకొచ్చింది. ఆ పూట నేను భోజనం చేయలేదు. దుఃఖం కాదు, సంతోషమూ కాదు. పరాయి ఊళ్ళో సొంత మనిషి ఎదురుపడి, తను మన మనిషేనని చెప్పుకోలేకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది.

చెబితే నమ్మేవాళ్ళు తక్కువ. మర్నాడు స్కూటరు మీద టెక్కలి వెళ్ళి, నునుపు పట్టించిన పలక ఒకటి గోనెలో చుట్టి తెచ్చాను. పృథ్వీరాజ్ తెప్పించిన నమూనా ముక్కని దాని పక్కన పెట్టి, రెండింటి మీదా చెంబుడు నీళ్ళు పోశాను. ఏది ఏ దేశానిదో చెప్పమన్నాను. పృథ్వీరాజ్ కింద కూర్చుని చాలాసేపు చూశాడు. తరవాత లేచి, తెలియక మాట్లాడాను, క్షమించండన్నాడు. అందుకే అతనంటే నాకు గౌరవం. ధనరాజు గారు మాత్రం ఆ తడి రాయి మీద చెయ్యి తీయలేదు. మన రాయేనా, మన రాయేనా అని తనలో తనే అనుకున్నారు. వాకిలంతా ఆ రాయే పరచమన్నారు.

రాయి విషయంలో నెగ్గాను కదా అని గడప విషయంలో కూడా నోరు పెట్టాను. మాళ్ళకి ఎక్కడా గడప ఉండదు. వీధీ లోపలా ఒకే మట్టం, మనిషి దగ్గరికొస్తే వాటంతటవే తెరుచుకునే అద్దాల తలుపులు. పృథ్వీరాజ్ దానికి కారణం కూడా చెప్పాడు. గడప ఉంటే కాలు ఆగుతుందట, కాలు ఆగితే మనిషి లోపలికి వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తాడట, వ్యాపారానికి ఆలోచన మంచిది కాదట. నాకు ఒళ్ళు మండింది. "గడప లేని కొంపని మావైపు గొడ్ల సాల అంటారు బాబూ" అన్నాను.

అతను కోపం తెచ్చుకోకుండా, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళూ, కాళ్ళు లేవని ముసలివాళ్ళూ ఎలా దాటుతారని అడిగాడు. ఒప్పుకోవలసిన చోట ఒప్పుకోవాలి. ఇద్దరం కూర్చుని ఒక దారి వెతికాం. గడప లేవదు, నేలకి సమానంగానే ఉంటుంది. కానీ గుమ్మం ఈ చివర నుంచి ఆ చివర దాకా జానెడు వెడల్పున పసుపుపచ్చ రాయి బద్ద వేస్తాను. ఇక్కడితో వీధి అయిపోయింది, ఇక్కణ్ణుంచి ఇల్లు మొదలైందని కాలికి కాకపోయినా కంటికి తెలుస్తుంది. అలాగే వేశాను. మావైపు గడప నిలిపిన రోజున ముత్తయిదువ దానికి పసుపు రాసి బొట్లు పెడుతుంది, ఇంటివాళ్ళు మేస్త్రీ దంపతులకి బట్టలు పెడతారు. మాలులో ఆ ఊసెవరూ ఎత్తలేదు. అడిగి పెట్టించుకునేది మర్యాద కాదు గనక నేనూ ఊరుకున్నాను.

సైటులో బూట్లు ఇక్కడా తప్పనిసరే. మంచిదే, కాలు మీద రాయి పడితే గంగులు మేస్త్రీ వచ్చి కాపాడడు. కానీ మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళగానే నేను బూట్లు విప్పేవాణ్ణి. ఆ పొద్దుటి వరసలన్నీ కళ్ళు మూసుకుని నడిచి చూసుకునేవాణ్ణి. వాకిలి మొత్తం అలాగే చూశాను, ఒక్క వరస తప్ప. గడపకి ఆనుకున్న లోపలి వరస, అద్దాల తలుపులవాళ్ళ పని తెమలక ఆఖరికి మిగిలింది. ప్రారంభం ముందురోజు సాయంత్రం హడావిడిగా దాన్ని పరిచి, మట్టం పెట్టి చూశాను. వెంటనే మీద ప్లాస్టిక్కు కప్పించేశారు. పాదం పెట్టి చూసే తీరిక ఇవ్వలేదు.

అదే సాయంత్రం మేనేజరు నరసింగరావు మమ్మల్ని పిలిచి మర్నాటి ఏర్పాట్లు చెప్పాడు. ప్రారంభం పదిగంటలకి. పనివాళ్ళందరూ వెనక గేటు దగ్గరికి రావాలి, అక్కడ బిరియానీ పొట్లాలిస్తారు, లోపల చూడాలనుకున్నవాళ్ళు ఎల్లుండి నుంచి రావచ్చు. నేను నరసింగరావు ముఖంలోకి చూశాను. దుబాయి కాపలావాడిలాగే ఇతనూ మర్యాదగానే చెప్పాడు. సరేనని తల ఊపి వచ్చేశాను. వెనక గేట్లకి అలవాటుపడిన ఒళ్ళు కదా. ఇంటికెళ్ళేసరికి కూర్మమ్మ పొందూరు నేత చీర మడతలు విప్పి, ఎదురుగా పెట్టుకుని కూర్చుంది. చెప్పలేకపోయాను.

మర్నాడు తెల్లవారగానే నేల కడిగించడానికి వెళ్తుంటే కూర్మమ్మ నాతో బయల్దేరింది. చేతిలో చిన్న పళ్ళెం, పసుపు, కుంకుమ. గడప పెట్టి పసుపు రాయకపోతే అరిష్టమంది. కాదంటానికి నాకు కారణం కనబడలేదు. వీధి వైపు నుంచి వంగి, ఆ పచ్చరాయి బద్ద పొడుగునా పసుపు రాసింది, జానెడేసి దూరంలో కుంకుమ బొట్లు పెట్టింది. తలుపులు తీసే ఉన్నాయి. ఒక్కసారి లోపలికొచ్చి చూడమన్నాను. ఇప్పుడైనా తీసుకెళ్తే మాట దక్కుతుందని నా ఆశ. ఆవిడ అడుగు పెట్టలేదు. ముహూర్తం కాకుండా కొత్త గడప దాటకూడదట. పదిగంటలకి చీర కట్టుకుని వస్తానని చెప్పి ఆటో ఎక్కింది.

పదిగంటలకి వచ్చింది. నేను వెనక గేటు దగ్గర నిలబడి ఉన్నాను, చుట్టూ తాపీవాళ్ళు, రంగులవాళ్ళు, కరెంటువాళ్ళు. పొందూరు చీరలో మా ఆవిడ నన్ను వెతుక్కుంటూ సామాన్లు దించే లారీల మధ్యలోంచి నడిచి వచ్చింది. గేటు చూసింది, పొట్లాలు చూసింది, నన్ను చూసింది.

"ఇదేనేటి మావా ముందు గుమ్మం?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నాకు సిగ్గేసింది. మూడు దేశాల్లో పడ్డ సిగ్గంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఆవిడ వెళ్ళి ఇటుకల దొంతి మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

ఇక ముందు వైపు ఏం జరిగిందో తరవాత అందరూ చెప్పగా విన్నాను. రిబ్బను కత్తిరించడానికి ధనరాజు గారు మంత్రుల్నీ తారల్నీ పిలవలేదు. తన తల్లి లక్ష్మీనరసమ్మ గారిని తీసుకొచ్చారు. ఎనభై దాటిన మనిషి, కర్ర సాయంతో నడుస్తుంది. ఆవిడ రిబ్బను కత్తిరించింది, అద్దాల తలుపులు తెరుచుకున్నాయి, బాండువాళ్ళు వాయించారు. ఆవిడ లోపలికి అడుగు వేయబోతూ కిందికి చూసింది. పసుపు రాసి బొట్లు పెట్టిన గడప. ఆవిడ ఆగిపోయింది. కర్ర కొడుక్కిచ్చి, వంగి గడపని ముట్టుకుని కళ్ళకద్దుకుంది. చెప్పులు రెండూ అక్కడే వదిలేసి కుడికాలు లోపల పెట్టింది.

అంతే. పెద్దావిడ విప్పాక కొడుకు విప్పకుండా ఉంటాడా? ధనరాజు గారు మెరిసే బూట్లు విప్పారు. ఆయన విప్పాక చుట్టాలు విప్పారు. చుట్టాల వెనక ఊరు ఉంది. చుట్టుపక్కల పల్లెల రైతులు, కళింగపట్నం నుంచి వచ్చిన చేపల వ్యాపారం ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు, అందరూ ఆ పసుపు దగ్గరికి రావడం, ఆగడం, విప్పడం. హవాయి చెప్పులు, తోలు చెప్పులు, ఎత్తు మడమల జోళ్ళు, నడిస్తే కూసే పసిపిల్లల బూట్లు, గుమ్మం దగ్గర నుంచి రోడ్డు దాకా కుప్పలు పడ్డాయి. వంగినవాళ్ళని చూసి తలుపులు తెరుచుకోవడం, మూసుకోవడం, మళ్ళీ తెరుచుకోవడం. ఇది గుడి కాదు, చెప్పులతోనే రావచ్చని నరసింగరావు మైకులో అరిచాడు. జనం అతని మాట విని, గడప మాటే నమ్మారు.

అప్పుడు అతనికి నేను గుర్తొచ్చాను. చెమటలు కక్కుకుంటూ వెనక గేటుకి పరిగెత్తుకొచ్చి, పసుపు ఎవడు రాయమన్నాడని నా మీద లేచాడు. బయట చెప్పుల కొండ పేరుకుపోయిందనీ, ట్రాఫిక్కు ఆగిపోయిందనీ, వెంటనే వచ్చి దాన్ని తుడవమనీ అన్నాడు. కోపం రావలసింది నాకు. నిన్నటి నుంచి దాచుకున్నది కూడా కలిపి వచ్చింది. "గడప పెట్టింది నాను. పసుపు రాసింది నా ఆడది. రాసిన పసుపు తుడిసే అలవాటు మాకు లేదు. తుడిసేవోడివైతే నువ్వే తుడూ" అన్నాను.

పొట్లాలు పట్టుకున్న పనివాళ్ళందరూ ఇటు తిరిగారు. నరసింగరావు గొంతు వెంటనే దిగిపోయింది. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు. కనీసం వచ్చి జనానికైనా చెప్పు మేస్త్రీ అని బతిమాలాడు. నేను కూర్మమ్మ వైపు చూశాను. ఆవిడ ఇటుకల మీద నుంచి లేచి, తప్పయిపోయినాదేటి అని మెల్లిగా అడిగింది. కాదని చెప్పి, ఆవిడ చెయ్యి పట్టుకుని మాలు పక్కగా తిరిగి ముందు వైపు నడిచాను. చీవాట్లు తినడానికే వెళ్తున్నామనుకున్నాను. తింటే ఇద్దరం కలిసే తినాలి.

ముందు గుమ్మం దగ్గర జనం దారిచ్చారు. గడపకి అవతల, నీలం వాకిలి మధ్యన, రాతి బల్ల మీద లక్ష్మీనరసమ్మ గారు కూర్చుని ఉన్నారు. కాళ్ళు రెండూ నేలకి ఆనించి, అరికాళ్ళని రాయి మీద మెల్లిగా ఆడిస్తున్నారు. ధనరాజు గారు ఆవిణ్ణి పైకి, షోరూములోకి రమ్మని బతిమాలుతున్నారు. ఆవిడ కదలడం లేదు. నన్ను చూసి, గడప పెట్టిన మేస్త్రీ నువ్వేనా అని అడిగారు. నేనేనన్నాను. ఇంత చల్లటి రాయి ఎక్కడిదన్నారు. టెక్కలిదని చెప్పాను. ఆవిడ తల ఊపి కొడుకు వైపు తిరిగారు.

"గడప నిలిపిన మేస్త్రీకి బట్టలు ఎట్టినావా?"

ధనరాజు గారు నేల చూశారు. బట్టల వ్యాపారంలో మూడు తరాలుగా బతికినవాళ్ళు, మాలు నిండా బట్టలే. నిజానికి ఆయన తప్పేమీ లేదు, బొమ్మల్లో చూపించిన ఏ దేశపు మాలులోనూ ఈ పద్ధతి లేదు. ఆయన ఆ మాట అనలేదు. మర్చిపోయానమ్మా అన్నారు. తనే స్వయంగా పై అంతస్తుకి మెట్లెక్కి వెళ్ళారు. వట్టి కాళ్ళతో వెళ్ళి, జరీ అంచు పంచెల చాపు, చీర, రవికల గుడ్డ పళ్ళెంలో పెట్టుకుని దిగి వచ్చారు. లక్ష్మీనరసమ్మ గారు కర్ర పట్టుకుని లేచి గడప దగ్గరికి వచ్చారు. ఆవిడ లోపల, మేము బయట.

"నువ్వు నిలిపినావు, నీ ఇల్లాలు పసుపు రాసినాది. మీరిద్దరూ దాటకుండా మేవందరం దాటీసినాం. తప్పు మాదే నాయనా. రండి లోపలికి" అన్నారు.

పళ్ళెం అందుకుంటుంటే నా చేతులు ఆవిడ కంట పడ్డాయి. సిమెంటు తిన్న వేళ్ళు. ఆవిడ ఆ చేతుల్ని రెండు చేతులతో పట్టుకుని తన వైపు లాగారు. నేను ఏడ్చానని తరవాత కూర్మమ్మ ఊరంతా చెప్పింది. చెప్పనీ, ఏడ్చిన మాట నిజమే.

చెప్పులు విప్పాం. కుడికాలు ముందు పెట్టి ఇద్దరం కలిసి దాటాం. ఇరవై రెండేళ్ళు బూట్ల అడుగున దాక్కున్న రాయి, తెరిచిన మాలులో మొదటిసారి నా అరికాలికి తగిలింది. చల్లగా ఉంది, నునుపుగా ఉంది, అయినా పట్టు ఉంది. తుఫాను రోజున తడి కాళ్ళతో వచ్చినా జారదు, ఆ లెక్క చూసుకునే మెరుగు పట్టించాను. చుట్టూ వందలమంది నా నేల మీద ఉత్త కాళ్ళతో నిలబడి ఉన్నారు. చేపల వ్యాపారం ఆవిడ ఒకావిడ కూతురితో "రాయి సల్లగా ఉన్నాదే" అంటోంది. పెద్ద పెద్ద మాళ్ళలో లక్షలమంది నా నేల తొక్కారు, చల్లగా ఉందన్నవాడు ఒక్కడూ లేడు. బూట్లలో ఉన్న కాలికి ఏం తెలుస్తుంది? ఆ క్షణాన ప్రపంచంలో ఏ మాలునీ తీసుకొచ్చి దీని పక్కన నిలబెట్టమనండి, నేను చూసుకుంటాను.

పృథ్వీరాజ్ బయట నిలబడి చెప్పుల కుప్పని ఫోటో తీసుకుంటున్నాడు. బూట్లు అతను కూడా విప్పేశాడు. ఇంతవరకూ అందరికీ బయటి ఊళ్ళ బొమ్మలు చూపించాననీ, ఇక బయటి ఊళ్ళకి ఈ బొమ్మ చూపిస్తాననీ అన్నాడు. ధనరాజు గారు ఆ రోజుకి అలాగే వదిలేయమని, చెప్పులకి కాపలా పెట్టించమని నరసింగరావుకి చెప్పారు. తరవాత వారం రోజుల్లో జనం అలవాటుపడి చెప్పులతోనే రావడం మొదలెట్టారు. కొందరు పెద్దవాళ్ళు ఇప్పటికీ విప్పుతారు, వాళ్ళని ఎవరూ ఏమీ అనరు.

ఆ రోజు నేను ఛాతీ విరుచుకుని నాలుగడుగులు వేశానో లేదో, పక్కన కూర్మమ్మ లేదు. వెనక్కి తిరిగి చూస్తే గడపకి దగ్గర్లోనే ఆగిపోయి ఉంది. తల వంచి, కాలి బొటనవేలితో నేల మీద ఏదో తడుముతోంది. ఏమిటని వెనక్కి వెళ్ళాను.

"మావా, ఇక్కడ అతుకు ఎత్తుగా ఉన్నాది."

లేదన్నాను. మట్టం పెట్టి చూశానన్నాను. ఆవిడ వాదించకుండా కాలు పక్కకి తీసి నాకు చోటిచ్చింది. కళ్ళు మూసుకుని అరికాలు అక్కడ పెట్టాను. ఉంది. వెంట్రుకంత. ముందురోజు సాయంత్రం బూట్లతో పరిచిన ఆఖరి వరస. నలుగురు ఇంజనీర్లు చూసి సరేనన్న వరస. పొలం గట్ల మీద ముప్పై ఏళ్ళు నడిచిన కాలు ఒక్క అడుగులో పట్టేసింది. గంగులు మేస్త్రీ పోయాక నా నేలని ఇంత శ్రద్ధగా చూసినవాళ్ళు ఎవరూ లేరు. నా తప్పు దొరికిపోయినందుకు అంత గర్వపడ్డ రోజు నా జన్మలో ఇంకొకటి లేదు.

రేపు పొద్దున్నే ఆ పలక తీసి మళ్ళీ వేస్తానన్నాను.

"ఈసారి బూట్లిప్పి ఎయ్యి" అంది కూర్మమ్మ, కొత్త చీర పళ్ళెం నా చేతిలోంచి తీసుకుని, మాలు చూడ్డానికి ముందుకి నడుస్తూ.